బల్లకింది పొడుగు జార్

కాలేజీ గేటుకి ఇవతల ఆమె పెద్దకోడలు, అవతల ల్యాబ్ అసిస్టెంటు. పదమూడేళ్ళుగా ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు. అడ్డం రావడం ఈ ఏడు కాలేజీ తెరిచిన రోజున మొదలైంది. మరిది పెళ్ళాం, ఆ ఇంటి చిన్నకోడలు, అదే కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరుగా వచ్చి చేరింది. పొద్దున ఏడింటికి వంటింట్లో "ఆ మూత ఇలా అందించు" అన్న నోటితోనే తొమ్మిదింటికి "చాక్‌పీసులు తెమ్మంటారా మేడం" అనాలి. అవతలి పిల్ల కూడా అంతే. ఇంట్లో "నువ్వు కూర్చో అక్కా" అంటుంది, ఇక్కడికొచ్చి "అసిస్టెంటు గారూ, మీరొకసారి ఇలా వస్తారా" అంటుంది. ఆ 'గారూ'లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆమెకి మండేది అందుకే.

సోమవారం ఆమె ఎనిమిదిన్నరకి బస్సు దిగి ల్యాబు తలుపు తీసింది. చిన్నకోడలు తొమ్మిదింటికి మరిది స్కూటరు మీద వస్తుంది. ఆ వారమంతా గ్యాసుల ప్రయోగాలే. ఆమె పదకొండు గాజు ట్యూబులు కడిగింది. ఒక్కొక్కటీ చెయ్యంత పొడుగు, ఒక కొస మూసి ఉంటుంది, ఒంటినిండా కొలత గీతలు. కడిగిన ట్యూబుని వెలుతురుకెత్తి చూసింది. నీళ్ళు బొట్లుబొట్లుగా ఆగితే లోపల జిడ్డున్నట్టు, పల్చటి పొరలా జారితే శుభ్రమైనట్టు. రెండు ట్యూబులు మళ్ళీ కడిగింది. మెగ్నీషియం రిబ్బను రెండేసి సెంటీమీటర్లు కత్తిరించి, ఒక్కో ముక్కనీ గరుకు కాగితంతో తోమి నలుపు వదిలించి, సన్నటి రాగి తీగతో గూడులా చుట్టింది. పదకొండు గూళ్ళు. పదకొండు బీకర్లు. యాసిడ్ సీసాకి మూత బిగించిందో లేదో రెండుసార్లు చూసుకుంది.

చివరికి వంగి, బల్లకింద నుంచి పొడుగు జార్ లాగింది. మోకాలెత్తు గాజు జార్. దాని నిండా నీళ్ళు పోసి కిటికీ పక్కన పెట్టింది.

ఈ జార్ ఊసు ప్రయోగాల పుస్తకంలో లేదు. ట్యూబులో యాసిడూ దాని మీద నీళ్ళూ పోసి, రిబ్బను వేలాడదీసి, చిల్లు కార్కు బిగించి, బీకరు నీళ్ళలో బోర్లించండి, బుడగలు ఆగాక పైన ఎంత గ్యాసు చేరిందో చదవండి అని పుస్తకం చెప్పి ఊరుకుంటుంది. అక్కడ ఊరుకుంటే లెక్క కుదరదని, రిటైరై వెళ్ళిపోయిన పాత మాస్టారు ఆమెకి చేత్తో చేసి చూపించాడు. పది నిమిషాలు చల్లారనివ్వాలి. కార్కు చిల్లుకి వేలు అడ్డం పెట్టి ట్యూబుని బీకరులోంచి తీసి, పొడుగు జార్‌లోకి దించాలి. ట్యూబు లోపలి నీళ్ళూ జార్‌లోని నీళ్ళూ ఒకే ఎత్తుకి వచ్చేదాకా మెల్లగా దించి, అప్పుడు చదవాలి. పట్టుకునేటప్పుడు కాగితం పట్టీ చుట్టి పట్టుకోవాలి, లేకపోతే చేతి వేడికే లోపలి గ్యాసు ఉబ్బుతుంది. ఎందుకు ఒకే ఎత్తుకి రావాలో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ప్రతి ఏడూ పిల్లల బల్లల మధ్య తిరుగుతూ ఆ పని ఆమే చేసేది. "మెల్లగా, మెల్లగా" అంటూ. పిల్లలు ఆమెకి 'మెల్లగా ఆంటీ' అని పేరు పెట్టారు. లెక్కలు కుదిరేవి. ఎలా కుదిరాయని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ల్యాబుకీ క్లాసుకీ మధ్య సగం చెక్కగోడే. చిన్నకోడలి గొంతు ఇవతలికి పూర్తిగా వినిపిస్తుంది.

"బస్సులో యాభైమంది ఉన్నారనుకోండి. డ్రైవరు ఆపి, బస్సు మార్చాడు. సగం సైజు బస్సు. మనుషులు వాళ్ళే. ఏమవుతుంది?"

"కొట్టుకుంటారు మేడం!"

"గోడలకీ ఒకళ్ళకొకళ్ళకీ తగులుకుంటారు. ఆ తగలడమే ఒత్తిడి. చోటు సగమైతే ఒత్తిడి రెండింతలు. ఇదిగో సిరంజి మూతికి వేలు పెట్టి నొక్కి చూడండి. బస్సు మీ చేతిలోనే ఉంది."

క్లాసంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల్లో ఒక నవ్వు ఆమెకి విడిగా వినిపించింది. మొదటి బెంచీలో కూర్చున్న తన కూతురిది. ఆ పిల్ల ఇంట్లో తన మాటలకి అలా నవ్వి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టబోయి, బీకర్లు తుడవడంలో పడింది. పాఠం కోసం ముప్ఫై సిరంజిలు అడిగింది మేడం. ముప్ఫైకి ముప్ఫై తనే కడిగి ఆరబెట్టింది. వాటిలో బస్సు ఉందని మాత్రం తనకి తోచలేదు.

పదకొండింటికి పిల్లలు ల్యాబులోకి వచ్చారు. ట్యూబులు బోర్లించారు. సన్నటి బుడగలు దారంలా పైకి లేచి, తగ్గి, ఆగాయి. ఆమె గడియారం చూసుకుని, కాగితం పట్టీ తీసుకుని మొదటి బల్ల దగ్గరికి వెళ్ళి, అలవాటుగా కార్కు కిందికి వేలు పోనిచ్చింది.

"అసిస్టెంటు గారూ." చిన్నకోడలు చివరి బల్ల నుంచి పిలిచింది. గొంతులో కోపం లేదు. "మీరు ట్యూబులు ముట్టుకోకండి. రీడింగు పిల్లలే తీసుకోవాలి. మనం చేసిపెడితే వాళ్ళకి చెయ్యి ఎప్పుడు తిరుగుతుంది?"

నలభైమంది తలలు ఆమె వైపు తిరిగాయి. కూతురి తల కూడా.

"అది కాదు మేడం, ఇది..."

"ఏం ఫరవాలేదు. మీరు కూర్చోండి. నేను చూసుకుంటాను."

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. తడి వేలిని కొంగుకి తుడుచుకుంది. తర్వాత కిటికీ దగ్గరికెళ్ళి పొడుగు జార్‌లోని నీళ్ళు సింకులో వంపి, బల్లకింద చీకట్లోకి నెట్టి, దాని ముందు ఖాళీ సీసాల పెట్టె అడ్డం పెట్టింది. చూసుకుంటానన్నారుగా, చూసుకోనీ.

అప్పుడే ప్రిన్సిపాల్ తలుపు దగ్గరికి వచ్చి చిన్నకోడల్ని పిలిచాడు. మాట్లాడింది గుమ్మంలోనే కాబట్టి ఆమె చెవినా పడింది. గురువారం బయటి కాలేజీ నుంచి ఒక ప్రొఫెసరమ్మ వస్తుంది, ఈ ప్రయోగమే చూస్తుంది. ఆవిడ బాగుందని రాస్తే ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే ఈ ఏడాదితో సరి.

"ఎవరితో చేయించి చూపిస్తారు?" అన్నాడు ప్రిన్సిపాల్.

చిన్నకోడలు వెనక్కి తిరిగి, మొదటి బల్ల దగ్గరున్న పిల్ల వైపు వేలు చూపించింది. పెద్దకోడలి కూతురు సిగ్గుతో, గర్వంతో చెవులదాకా ఎర్రబడింది. ఆ గర్వం తనని చూసి పడ్డది కాదు. తల్లి అది కూడా గమనించింది.

*

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తగారు టీ కలిపి ఉంచింది. ఒకే కప్పు.

"చిన్నది పొద్దుట్నించీ నిలబడి పాఠాలు చెప్పీ చెప్పీ వస్తుంది. కాళ్ళు పీక్కుపోతాయి పాపం."

"నేనేమన్నా ఉయ్యాలూగి వచ్చానా అత్తయ్యా?"

"నీకలవాటేగా తల్లీ" అంది అత్తగారు, అదేదో మెచ్చుకోలైనట్టు.

ఆమె తన టీ తనే పెట్టుకుని కూరగాయల పళ్ళెం ముందేసుకుంది. ఎదురుగా భోజనాల బల్ల దగ్గర కూతురూ చిన్నకోడలూ తలా తలా ఆనించి లెక్క చేస్తున్నారు. ఈమధ్య కూతురు జడ మానేసి పిన్నిలా జుట్టు వెనక్కి చుట్టి పెన్సిలు గుచ్చుకుంటోంది. అక్షరాలు కూడా పిన్నిలా ఎడమ వైపుకి వాల్చి రాస్తోంది. పదేళ్ళపాటు పక్కన కూర్చుని తను దిద్దించిన గుండ్రటి అక్షరాలు మూడు నెలల్లో వాలిపోయాయి.

"మళ్ళీ ఇరవైమూడున్నర దగ్గరే వస్తోంది పిన్నీ. ఒక మోల్ గ్యాసుకి ఇరవైరెండు పాయింట్ నాలుగు లీటర్లు రావాలి కదా?"

"ఉష్ణోగ్రతకి రెండువందల డెబ్భైమూడు కలిపావా?"

"కలిపా."

"నీటి ఆవిరి ఒత్తిడి తీసేశావా?"

"తీసేశా. మూడుసార్లు చేశా. ఇదిగో, రబ్బరు పెట్టి తుడిచీ తుడిచీ కాగితం చిరిగింది."

కూతురు అకస్మాత్తుగా ఇటు తిరిగింది. "అమ్మా, రిబ్బను సరిగ్గానే తోమావా?"

కత్తి కాయలో సగం దిగి ఆగింది.

"పదమూడేళ్ళుగా తోముతున్నా."

"అది కాదులే" అంది చిన్నకోడలు నొచ్చుకుంటూ. "రిబ్బనుకి నలుపు ఉంటే గ్యాసు తగ్గాలి, పెరక్కూడదు. అక్క పనిలో తప్పు లేదు."

ఈ పిల్ల తనని వెనకేసుకొస్తోంది! అదింకా అన్యాయంగా అనిపించింది ఆమెకి. తప్పు పడితే కనీసం మనసారా కోపగించుకోవచ్చు. తన కూతురి ముందు తనకి మంచి మాట ఈ పిల్ల దగ్గర్నుంచి ముట్టాలా? నోటిదాకా వచ్చిన ముక్క, "చల్లారనిచ్చి, జార్‌లో దించారా?" అన్న ఆ ఒక్క ముక్క, ఆమె మళ్ళీ మింగేసింది. ముట్టుకోకండి అంది. నలభైమంది ముందర అంది.

"పొయ్యి మీద కుక్కరు చూడవే, కూత వేస్తే దించాలి" అంది అత్తగారు.

"అది కూడా గ్యాస్ లానే నాయనమ్మా. వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది, పిన్ని చెప్పింది" అంది కూతురు.

"అది చెప్పడానికి పిన్నే కావాలా? అరవయ్యేళ్ళుగా మూతలు పట్టుకుంటున్నా, నాకు తెలీదూ!"

బల్ల దగ్గర ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆమె లేచి వెళ్ళి కుక్కరు దించింది.

*

మంగళవారం రెండో బ్యాచి చేసింది. పదకొండు బల్లల మీదా ఇరవైమూడుకి పైనే. చిన్నకోడలు బోర్డు మీద అందరి అంకెలూ వరసగా రాయించి, చాక్‌పీసు పట్టుకుని చాలాసేపు నిలబడింది.

"చెయ్యి తడబడిన తప్పయితే కొందరిది ఎక్కువ, కొందరిది తక్కువ రావాలి" అంది పిల్లలతో. "అందరిదీ ఒకే వైపుకి పోతోంది. అంటే తప్పు మీలో లేదు, చేసే పద్ధతిలో ఉంది. వెతుకుదాం."

సీసాలు సర్దుతున్న ఆమెకి చెయ్యి ఆగింది. సరిగ్గా అక్కడే ఉంది తప్పు. ఇంత చురుకైన పిల్ల ఇంకెంతసేపట్లో పట్టేసుకుంటుందో. పట్టేసుకుంటే తన దగ్గర ఇక మిగిలేదేముంది? ఆ ఇంట్లో చదువు ఆ పిల్లది, ముందు టీ కప్పు ఆ పిల్లది, ఇప్పుడు తన కూతురు కూడా దాదాపుగా ఆ పిల్లదే. ఈ ఒక్క పని తనది. ఒక వేలు, ఒక కాగితం పట్టీ, బల్లకింద ఒక జార్.

చిన్నకోడలు కొత్త యాసిడ్ కలపమంది, కలిపింది. తక్కెడ సరిచూడమంది, చూసింది. థర్మామీటరు మార్చమంది, మార్చింది. చెప్పినవన్నీ వంక పెట్టడానికి లేకుండా చేసింది. అంత ఒద్దికగా ఆమె ఎప్పుడూ పనిచేసి ఉండదు. అడగనిది మాత్రం చెప్పలేదు.

బుధవారం సాయంత్రం ఐదింటికి తాళం వేయబోతే లోపల దీపం వెలుగుతోంది. చిన్నకోడలు ఒక్కతే స్టూలు మీద కూర్చుని ఉంది. ముందు ట్యూబు బోర్లించి ఉంది, బుడగలు ఆగిపోయాయి. పక్కన కాగితం మీద ఏడు అంకెలు, ఏడూ కొట్టేసి ఉన్నాయి. చేతివేళ్ళు యాసిడ్ తగిలి ఎర్రగా పొంగాయి. జుట్టులో గుచ్చుకున్న పెన్సిలు వేలాడుతోంది.

"అక్కా" అంది. కాలేజీలో ఆ పిలుపు అదే మొదటిసారి. "ఇలా కూర్చో కాసేపు."

ఆమె కూర్చోలేదు. తాళం చెవి పట్టుకుని నిలబడింది.

"మా కాలేజీలో ఈ ప్రయోగం గ్యాస్ సిరంజితో చేసేవాళ్ళం. నీళ్ళ మీద గ్యాసు పట్టడం నేనెప్పుడూ చెయ్యలేదు. పాత రికార్డులన్నీ తిరగేశాను. పదేళ్ళుగా పిల్లలకి ఇరవైరెండున్నర లోపే వచ్చింది. ఇదే గది, ఇవే ట్యూబులు, ఇదే పుస్తకం. పాత మాస్టారు ఏదో చేసేవాడు కదక్కా. నువ్వు చూసే ఉంటావు. ఏం చేసేవాడు?"

చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు. 'అక్కా' అంది, అడిగింది, చేతులు కాలినట్టున్నాయి. ఆమె చూపు బల్లకింద ఖాళీ సీసాల పెట్టె మీదికి వెళ్ళింది. కానీ ఇప్పుడు చెబితే రేపు ఆ జార్ ముందు నిలబడి మెప్పు పొందేది ఎవరు? తన కూతురు ఎవరి వంక చూసి కళ్ళు పెద్దవి చేసుకుంటుంది?

"ఏమో. నేను గాజు కడిగేదాన్ని" అంది. "అవన్నీ మాకేం తెలుస్తాయి?"

చిన్నకోడలు తల ఊపి ఎనిమిదో ట్యూబు అందుకుంది. ఆమె మాటని అనుమానించలేదు. అనుమానించి ఉంటే బాగుండునని దారిపొడుగునా ఆమెకి అనిపిస్తూనే ఉంది.

*

గురువారం కూతురు తల్లితో పాటే ముందు బస్సెక్కింది. కిటికీ పక్క కూర్చుని, చెప్పాల్సిన మాటలు పెదాలతో గొణుక్కుంటోంది. అరచేతులు మాటిమాటికీ ఒళ్ళో తుడుచుకుంటోంది.

"భయమా?"

"నాకు కాదు. మళ్ళీ ఇరవైమూడున్నర వస్తే ఆవిడ పిన్నిని అడుగుతుంది కదా, ఎందుకొచ్చిందీ అని. పిన్నికి తెలీదు. నా చేతుల్లో వస్తుందది. నా వల్ల పిన్ని ఉద్యోగం పోతే?"

"నీ వల్ల ఎందుకవుతుంది?"

"చేసేది నేనేగా. సోమవారం నుంచి చేస్తున్నా, నా చెయ్యే మంచిది కాదేమో."

ఆమె కూతురి చెయ్యి వంక చూసింది. చూపుడువేలి కొస రబ్బరు రుద్దీ రుద్దీ నల్లబడింది. ఇన్నాళ్ళూ ఆమె ఎదుటి పిల్లనే చూసింది. ఆ ట్యూబు పట్టుకున్న చెయ్యి ఎవరిదో చూడలేదు.

ల్యాబులోకి అడుగుపెట్టగానే ఖాళీ సీసాల పెట్టె పక్కకి లాగింది. జార్ బయటికి తీసింది, కడిగింది, నిండా నీళ్ళు పోసింది. కాగితం పట్టీ మడిచి దాని మూతి మీద పెట్టి, తీసుకెళ్ళి చూపించే బల్ల మధ్యలో నిలబెట్టింది. నోరు తెరవక్కర్లేదు. అంత చదువుకున్న పిల్ల, చూస్తే తనకే వెలుగుతుంది. అబద్ధం అబద్ధంగానే ఉండిపోతుంది, పనీ జరిగిపోతుంది.

తొమ్మిదింటికి చిన్నకోడలు వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. బల్ల వంక చూసి, "ఇదెందుకండీ ఇక్కడ?" అంది.

"ఉండనివ్వండి మేడం. అవసరం పడుతుందేమోనని."

"దేనికి? ఇప్పటికే బల్లంతా ఇరుగ్గా ఉంది. తీసేయండి."

"అవునమ్మా, మోచెయ్యి తగిలి పడిందంటే అంతే సంగతులు" అంది కూతురు.

ఆమె జార్‌ని రెండు చేతులా ఎత్తుకుంది. నీళ్ళు తొణికి జాకెట్టు తడిసింది. నాలుగడుగులు వేసింది. తను తెచ్చి పెట్టింది, వాళ్ళు వద్దన్నారు. ఇక తన మీద మాట రాదు. ఇంత తేలిగ్గా చేతులు దులిపేసుకునే అవకాశం ఎవరికి దొరుకుతుంది? ప్రొఫెసరమ్మ వస్తుంది, చూస్తుంది, పెదవి విరుస్తుంది. వచ్చే ఏడు నుంచి గేటుకి అటూ ఇటూ కూడా ఆ పిల్ల చిన్నకోడలే.

ఐదో అడుగు పడలేదు. వెనక కూతురు గొణుక్కుంటోంది, "బుడగలు ఆగిన తర్వాత... బుడగలు ఆగిన తర్వాత..." అక్కడే తడబడి, మళ్ళీ మొదటికొస్తోంది.

ఆమె వెనక్కి తిరిగి జార్‌ని తెచ్చి బల్ల మీద, ఇందాకటి చోటే పెట్టింది.

"నిన్న నీకు అబద్ధం చెప్పాను" అంది. మేడం అనలేదు, మీరు అనలేదు. "మాస్టారు ఏం చేసేవాడో నాకు తెలుసు. ఈ పనంతా నేనే చేసేదాన్ని. సోమవారం నువ్వు ముట్టుకోవద్దన్నావని కడుపుమంటతో దాచిపెట్టాను. నిన్న నువ్వు అడిగినా దాచాను."

కూతురు పెదాలు కదలడం ఆగిపోయింది.

ఆమె ఇంకేమీ చెప్పకుండా, నిన్నటి గ్యాసుతో ఇంకా బీకరులో బోర్లించి ఉన్న ఒక ట్యూబుకి కాగితం పట్టీ చుట్టి, కార్కు కింద వేలు పెట్టి, ఎత్తి, జార్‌లోకి దించింది. మెల్లగా. లోపలి నీటి గీత, బయటి నీటి గీత కలిసేదాకా. పైన ఉన్న గ్యాసు కళ్ళముందే కొంచెం కుంచించుకుపోయింది.

చిన్నకోడలు ఒక క్షణం ఆ గీత వంకే చూసింది. తర్వాత అరచేత్తో నుదురు కొట్టుకుంది.

"అయ్యో. నా మతి మండా! బీకరులో ఉన్నంతసేపూ ట్యూబులో జానెడెత్తు నీళ్ళు వేలాడుతున్నాయి. వాటి బరువు కిందికి లాగుతోంది." కూతురి భుజం పట్టుకుని ట్యూబు దగ్గరికి లాగింది. "చూడు, అందుకని లోపలి గ్యాసు మీద ఒత్తిడి బయటి గాలి కన్నా తక్కువ. ఒత్తిడి తక్కువైతే?"

"చోటు ఎక్కువ" అంది కూతురు నెమ్మదిగా. "పెద్ద బస్సు."

"పెద్ద బస్సు! ఆ పెద్ద బస్సు కొలిచి, లెక్కలో మాత్రం బయటి గాలి ఒత్తిడి వేశాం. రెండు మట్టాలూ కలిస్తే లోపలా బయటా ఒత్తిడి ఒకటే. ఇంకా వేడిగా ఉండగానే చదివేశాం, అదో తప్పు. వారం రోజులుగా ఒత్తిడి ఒత్తిడి అని అరుస్తూ..." ఆగిపోయింది.

పదమూడేళ్ళుగా తను చేస్తున్న పని ఎందుకు చేస్తోందో ఆమెకి అప్పుడు తెలిసింది. తెలిసినందుకు సంతోషం వేయాలి. వేయలేదు. తన వేలికొసన ఇన్నాళ్ళుగా మూగగా ఉన్నది ఆ పిల్ల నోట్లో పది క్షణాల్లో మాటైపోయిందని మళ్ళీ కడుపు రగిలింది. తప్పు ఒప్పుకున్న నోరు ఇంకా తడైనా ఆరలేదు, ఈ కుళ్ళు మాత్రం సిద్ధంగా ఉంది. సిగ్గుతో ఆమె తల వంచుకుంది.

చిన్నకోడలు ఆమెని తిట్టలేదు, ఓదార్చనూలేదు. గడియారం చూసింది. "నలభై నిమిషాలుంది. ఆ వేలు పెట్టే పద్ధతి పిల్లకి నేర్పు. నాకు చేత కాదు" అంది. గొంతు బిరుసుగా ఉంది. కళ్ళలోకి చూడలేదు.

ఆమె కూతురి వెనక నిలబడి, ఆ పిల్ల చేతి మీద తన చెయ్యి వేసింది. "వేలు గట్టిగా కాదు, నిండుగా ఆనించు. గాలి దూరిందంటే అంతా పోయినట్టే. ఆఁ. ఇప్పుడెత్తు." కూతురు చెప్పినట్టే చేసింది. జుట్టులోని పెన్సిలు ఆమె చెంపకి గుచ్చుకుంటోంది.

ప్రొఫెసరమ్మ పొట్టిగా, గొడుగు ఊతంగా వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. బల్లకి ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి చూసింది. బుడగలు ఆగాయి. కూతురు గడియారం చూసి పది నిమిషాలు ఆగింది. ప్రిన్సిపాల్ రెండుసార్లు దగ్గాడు. ట్యూబు జార్‌లోకి దిగుతుంటే పిల్ల చెయ్యి కొంచెం తొందరపడింది.

"మెల్లగా" అంది చిన్నకోడలు. వెనక బెంచీలో పిల్లలు కిసుక్కున నవ్వి అసిస్టెంటు వైపు చూశారు.

అంకె ఇరవైరెండు పాయింట్ ఐదు.

ప్రొఫెసరమ్మ జార్ మీద గోటితో టక్‌టక్‌మని కొట్టింది. "మీ పుస్తకంలో ఇది లేదే. పెట్టాలని ఎవరికి తోచింది?"

"మా అసిస్టెంటు గారికండీ" అంది చిన్నకోడలు. "ఇవాళ పొద్దున దాకా నాకు తెలీదు. వారమంతా పిల్లల చేత తప్పుగా చేయించాను. ఆవిడ చూపించారు."

ప్రిన్సిపాల్ కనుబొమలు పైకి లేచాయి. తన అబద్ధం ఇక్కడ చెప్పేస్తుందనుకుంది ఆమె. చిన్నకోడలు ఆ ముక్క చెప్పలేదు. తన తప్పు చెప్పి అక్కడితో ఆపింది.

ప్రొఫెసరమ్మ ఏదో రాసుకుంది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ప్రిన్సిపాల్‌తో, "ఈ అమ్మాయిని ఉంచుకోండి" అనడం అందరూ విన్నారు. అసిస్టెంటు గురించి ఆవిడ మళ్ళీ ఏమీ అనలేదు. ఆమె ట్యూబులు కడిగి బోర్లించింది.

*

సాయంత్రం భోజనాల బల్ల దగ్గర కూతురు రికార్డు రాస్తోంది. పొద్దుట్నుంచీ తల్లితో మాట్లాడలేదు. వంటింట్లో చిన్నకోడలు ఎర్రటి వేళ్ళతో కూరగాయలు కోస్తోంది. అత్తగారు, పర్మనెంటు అయిన పిల్ల కత్తిపట్టడమేమిటని సణుగుతోంది. "అక్కని ఇవాళ కూర్చోనీ అత్తయ్యా" అన్న మాట వినిపించింది. అందులో ప్రేమ ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో ఆమెకి అంతు చిక్కలేదు. కూర్చుంది.

కూతురు పుస్తకం ఆమె ముందుకి జరిపింది. సోమవారం అంకె తుడిచేయలేదు. చిరిగిన కాగితం మీద ఇంకో కాగితం అంటించి, ఇరవైమూడు పాయింట్ నాలుగు అని రాసి, పక్కనే ఇవాళ్టి అంకె రాసింది. కింద ఒక గడి ఖాళీగా ఉంది. 'లోపానికి కారణం'.

"ఇక్కడేం రాయను?" మొదటి మాట.

ఆమె ఆ గడి మీద వేలు పెట్టింది.

"ల్యాబ్ అసిస్టెంటు తెలిసీ చెప్పలేదని రాయి."

కూతురు తలెత్తి చూసింది. ఆ చూపు ముందు ఆమె కళ్ళు దించుకోలేదు.

"ఇది రికార్డమ్మా" అంది చివరికి. "చాడీల పుస్తకం కాదు."

వంగి రాసింది: 'గ్యాసు చల్లారక ముందే, లోపలి నీటి మట్టం బయటి మట్టంతో సమం చేయకుండా కొలత తీయడం వల్ల.' రాసి, కలం కొరుకుతూ ఆగింది.

"చల్లారడానికి పది నిమిషాలే ఎందుకు? పుస్తకంలో ఎక్కడా లేదు. పిన్నీ, పది నిమిషాలని రాయొచ్చా?"

"నన్నడుగుతావేం? మీ అమ్మనడుగు" అంది వంటింట్లోంచి గొంతు.

"ఎండాకాలం పది చాలవు, పన్నెండు పెట్టు" అంది ఆమె. "ట్యూబుని అరచేత్తో పట్టుకోకూడదని కూడా రాయి. కాగితం పట్టీ."

కూతురు రాసింది. అక్షరాలు అచ్చం పిన్నివే, ఎడమ వైపుకి వాలి ఉన్నాయి. అవి చూస్తే ఆమెకి లోపల మళ్ళీ చిన్నగా చురుక్కుమంది. ఆ వాలిన అక్షరాల్లోనే 'పన్నెండు నిమిషాలు' అని పడింది. కూతురు దాని కింద స్కేలు పెట్టి గీత గీసింది. ఆమె సిరా ఆరేదాకా ఆ కాగితం కొస పట్టుకుని కూర్చుంది.